మెట్ల దారిలో నడుము నొప్పి – నివారణ, చికిత్స

అలిపిరి పాదాల మండపం మొదలు తిరుమల చేరేవరకు మెట్లు 3550. శ్రీవారిమెట్టు మార్గంలో 2388. తిరుపతి పట్టణానికీ తిరుమల క్షేత్రానికీ మధ్య ఎత్తులో భేదం సుమారు 700 మీటర్లు. ఇంత ఎత్తును పాదరక్షలు లేకుండా, అల్పాహారంతోనో ఉపవాసంతోనో, చంకన బిడ్డతోనో భుజాన మూటతోనో ఎక్కే భక్తులు ప్రతిదినం వేల సంఖ్యలో ఉంటారు. పిక్కలు, తొడలు పట్టేయడం వారిలో చాలామందికి అనుభవమే. అది రెండు మూడు దినాలలో తనంతట తానే సర్దుకుంటుంది. నడుము నొప్పి అంత సులభంగా వదలదు. కొందరిని వారాల తరబడి మంచం పట్టిస్తుంది. ఏటా నడిచి వచ్చే అలవాటున్నవారిని “ఇక మన వల్ల కాదు” అనుకొని మొక్కు మానుకునేలా చేస్తుంది.

అలిపిరి నుండి కొంత దూరం ఎక్కగానే తలయేరు గుండు కనబడుతుంది. భక్తులు ఆ బండకు తలను, మోకాళ్ళను ఆనించి మ్రొక్కుతారు. అలా చేస్తే ఒంటి నొప్పులు తొలగిపోతాయని తరతరాల విశ్వాసం. ఆ రాతిపై పడిన గుంటలను చూస్తే, ఈ దారిలో దేహబాధను గురించిన ఆలోచన ఈనాటిది కాదని తెలుస్తుంది. విశ్వాసానికి తోడుగా శరీరాన్ని సిద్ధం చేసుకునే పద్ధతిని ఫిజియోథెరపీ నేర్పుతుంది. మెట్లు ఎక్కడం వలన నడుము చెడిపోదు. బిగుసుకుపోయిన తుంటితో ఎక్కడం, అదే పనిగా వంగడం, నొప్పి వచ్చిన తరువాత కదలకుండా పడుకోవడం, ఈ మూడింటివలననే ఎక్కువమందికి బాధ ముదురుతుంది. మూడింటినీ మనమే సరిచేసుకోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి ఉన్నది. వీరిలో పదింట తొమ్మిదిమందికి ఎముక విరగడం, చీము పట్టడం, కంతి పెరగడం వంటి ప్రత్యేక కారణమేదీ కనబడదు. అంటే ఎక్కువమంది విషయంలో ఇది కదలికకు, కండరాల బలానికి, అలవాట్లకు సంబంధించిన బాధ.

నడుము పని, తుంటి పని

నడుము భాగంలో ఐదు వెన్నుపూసలు ఒకదానిపై ఒకటి నిలిచి ఉంటాయి. రెండు పూసల నడుమ డిస్కు అనే దిండు వంటి భాగం ఉంటుంది. పెద్దవారిలో ఈ డిస్కుకు సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు. మనం కదిలినప్పుడు దానిపై ఒత్తిడి పెరిగి తగ్గుతూ, ద్రవం లోపలికీ బయటికీ ప్రసరించడం వలననే దానికి పోషణ అందుతుంది. పూసల వెనుక ఉన్న చిన్న కీళ్ళు ముందుకూ వెనుకకూ వంగడానికి తగినంత వీలు కల్పిస్తాయి కాని, మెలి తిరగడానికి కొద్దిపాటి వీలే ఇస్తాయి. మెలి తిరిగే పనిలో పెద్ద వాటా తుంటి కీళ్ళది, ఛాతీ వెనుక ఉన్న వెన్నెముకది. అవి బిగుసుకుపోయి ఉంటే ఆ పని నడుము మీద పడుతుంది.

ఈ సంగతిని బాగా వెలుగులోకి తెచ్చినది, ఆశ్చర్యంగా, గోల్ఫ్ ఆట. హైదరాబాదులోను, అమెరికాలోను స్థిరపడిన మన దాతలలో ఈ ఆట ఆడేవారు ఉన్నారు. వారికి ఇది తెలిసిన బాధే. గోల్ఫ్ ఆటగాళ్ళకు తరచుగా వచ్చే నొప్పులలో నడుము నొప్పిది మొదటి వరుస. ముందుకు వంగి నిలబడి, ఎప్పుడూ ఒకే వైపుకు, అతివేగంగా మెలి తిరిగి బంతిని కొట్టడం, ఆ దెబ్బనే దినానికి వందలసార్లు అభ్యసించడం ఇందుకు కారణాలు. సుప్రసిద్ధ ఆటగాడు టైగర్ వుడ్స్‌కు 2014 – 2017 సంవత్సరాల మధ్య నడుముకు నాలుగు శస్త్రచికిత్సలు జరిగాయి. చివరిదానిలో రెండు పూసలను కలిపి బిగించారు. ఆ తరువాత క్రమబద్ధమైన వ్యాయామంతో కోలుకొని 2019 ఏప్రిల్‌లో ఆయన మాస్టర్స్ పోటీ గెలిచాడు. నడుము నొప్పి ఉన్న గోల్ఫ్ ఆటగాళ్ళను పరీక్షించినప్పుడు పలువురిలో కనిపించిన లోపం నడుములో కాదు, ముందువైపు ఉండే కాలి తుంటిలో. ఆ కీలు లోపలికి తిరగవలసినంత తిరగడం లేదు. అందుకే ఇప్పుడు వారికి చేసే చికిత్సలో సగం తుంటి మీదనే సాగుతుంది.

పచ్చిక మైదానానికీ మన మెట్ల దారికీ పోలిక ఏమిటని అనిపించవచ్చు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే తల్లిని ఒకసారి తలచుకుంటే పోలిక తెలుస్తుంది.

మెట్ల పూజ చేసేవారికి

ఎడమచేత పళ్ళెం, కుడిచేతి వేలితో మెట్టుకు పసుపు, మళ్ళీ కుంకుమ, కొందరైతే ఆపైన కర్పూరం. వంగిన ప్రతిసారీ నడుము ముందుకు వాలి, కొద్దిగా ఒక పక్కకు తిరుగుతుంది. 3550 మెట్లు, 3550 వంపులు, అన్నీ ఒకే వైపుకు. ఇంతటి ఆవృత్తి ఏ ఆటగాడి సాధనకూ తీసిపోదు. గంటల తరబడి వంగుతూ ఉంటే పూసలను పట్టి ఉంచే స్నాయువులు కొద్దికొద్దిగా సాగుతాయి, వెన్ను కండరాలు అలసి కాపు కాయలేని స్థితికి వస్తాయి. సాగిన స్నాయువు మళ్ళీ బిగియడానికి గంటలు పడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఏడుస్తున్న బిడ్డను వంగి ఎత్తుకోవడమో, మూటను విసురుగా భుజాన వేసుకోవడమో జరుగుతుంది. “అంతవరకు బాగానే ఉన్నాను, బిడ్డను ఎత్తబోయేసరికి పట్టేసింది” అనే మాటకు అర్థం ఇదే. బిడ్డ బరువు ఆఖరి కారణం మాత్రమే.

మొక్కును కుదించుకోమని ఎవరూ చెప్పనక్కరలేదు. చేసే తీరును మార్చుకుంటే చాలును. నిలుచున్న మెట్టుకు ఆనుకొని ఉన్న మెట్టుకు బొట్టు పెట్టాలంటే బాగా వంగాలి. మూడు నాలుగు మెట్లు పైన ఉన్నదానికి పెడితే అది మోకాలి ఎత్తుకు వస్తుంది గనుక వంపు సగానికి తగ్గుతుంది. ఒక కాలు పై మెట్టుమీద ఉంచి, మోకాలు మడిచి, తుంటి వద్ద వంగాలి. వీపు గుండ్రంగా ఒంగిపోకూడదు. వంద మెట్లకొకసారి పళ్ళెం చేయి మార్చుకోవాలి. దంపతులో అక్కచెల్లెళ్ళో కలిసి వచ్చినప్పుడు వంతులవారీగా పెట్టడం ఇంకా మంచిది. అలాగే వంద మెట్లకొకసారి నిటారుగా నిలిచి, రెండు అరచేతులనూ నడుముకు వెనుక ఆనించి, మెల్లగా వెనుకకు ఐదారుసార్లు వంగాలి. ఇందుకు ఒక నిమిషం చాలు.

ఇంకొక విషయం యాత్రికులకు సాధారణంగా తెలియదు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో వంగితే వాటిమీద ఒత్తిడి మిగతా వేళలకన్న ఎక్కువగా ఉంటుంది. తెల్లవారుజామున లేచి, స్నానం ముగించి, వెంటనే మెట్ల పూజ మొదలుపెట్టేవారు దీనిని గమనించాలి. రాత్రంతా బస్సులోనో రైలులోనో కూర్చొని వచ్చినవారి సంగతి మరీ కష్టం. తొడ ముందరి కండరాలు, తుంటిని మడిచే కండరాలు కుంచించుకొని ఉంటాయి. ఇటువంటివారు కనీసం అరగంట సాధారణ నడక నడిచి, ఆపైన వంగే పనికి పూనుకోవాలి.

ఎక్కడం, దిగడం, చదును నేల

గాలిగోపురం వరకు దారి నిలువుగా ఉంటుంది. అక్కడ అలసేది పిరుదుల కండరాలు. అవి బలహీనంగా ఉన్నవారు మొండెమును ముందుకు వాల్చి, నడుముతో శరీరాన్ని లాగుతూ ఎక్కుతారు. ఆపైన దారి చాలాదూరం సులువు. చివర మోకాళ్ళ పర్వతం. శ్రీ రామానుజులవారు ఈ కొండను పాదాలతో త్రొక్కరాదని మోకాళ్ళపై ఎక్కినట్లు ప్రతీతి. ఇక్కడ ఇప్పటికీ కొందరు మోకాళ్ళతో ఎక్కుతారు. అప్పటికే అలసిన నడుము గలవారు ఈ మెట్లను కమ్మీ పట్టుకొని, నిదానంగా, పాదాలతో ఎక్కడమే క్షేమం. శ్రీవారిమెట్టు మార్గం దూరం తక్కువ గనుక సులువని భావించి నడుము నొప్పి ఉన్నవారు దానిని ఎంచుకోవడం చూస్తుంటాము. దూరం తగ్గిన కొద్దీ నిట్రం పెరుగుతుందని మరువకూడదు.

వృద్ధులలో ఒక విశేషం ఉన్నది. వయసుతో వెన్నుకాలువ ఇరుకైనవారికి ముందుకు వాలినప్పుడు హాయిగా, నిటారుగా నిలిచినా వెనుకకు వంగినా బాధగా ఉంటుంది. వీరు మెట్లు ఎక్కగలరు. దిగేటప్పుడు, క్యూలో నిలబడినప్పుడు కాళ్ళు లాగి, మొద్దుబారి, కూర్చుంటేగాని తగ్గదు. పైన చెప్పిన వెనుకకు వంగే వ్యాయామం వీరికి తగదు. కొండ దిగడానికి బస్సే మేలు.

చిత్తూరు వైపునుండి, తమిళనాడునుండి పెరటాసి మాసంలో పసుపు వస్త్రాలు ధరించి రహదారి వెంట రోజుల తరబడి నడిచివచ్చేవారికి చిక్కు మరొక విధంగా ఉంటుంది. వాన నీరు జారిపోవడానికి తారు రోడ్డు అంచు వాలుగా ఉంటుంది. ఆ అంచు వెంటనే నడిస్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. నడుము ఒక పక్కకు ఒరిగి, ఆ వైపు తుంటి నొప్పి మొదలవుతుంది. చదునైన పక్కదారి దొరికినచోట దానిని పట్టడం, సంచిని ఒకే భుజాన కాక రెండు భుజాలకూ తగిలించుకోవడం దీనికి విరుగుడు. అలిపిరిలోను, శ్రీవారిమెట్టు వద్దను సామాను ఉచితంగా కొండపైకి చేర్చే ఏర్పాటు ఉన్నప్పుడు మూట మోసుకొని ఎక్కవలసిన అవసరమే లేదు.

ఆరు వారాల సాధన

యాత్రకు ఆరు వారాల ముందుగా మొదలుపెట్టాలి. మొట్టమొదట నేర్చుకోవలసినది సరిగా వంగడం. ఒక కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకొని, అది తల వెనుక భాగానికి, వీపుకు, పిరుదుల మధ్య ఎముకకు తాకి ఉండేటట్లు చూసుకొని, మోకాళ్ళను కొద్దిగా మడిచి, పిరుదులను వెనుకకు జరుపుతూ ముందుకు వాలాలి. మూడుచోట్లా కర్ర వీడకుండా ఉంటే తుంటి వద్ద వంగుతున్నట్లు. ఏ ఒక్కచోట వీడినా నడుము వంగుతున్నట్లు. పది దినాలలో ఇది అలవాటవుతుంది.

రెండవది వంతెన. వెల్లకిల పడుకొని, మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులను పైకెత్తి ఐదు క్షణాలు నిలపాలి; పదిసార్లు. కెనడా దేశపు వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముకను దశాబ్దాల పాటు పరిశోధించిన స్టూవర్ట్ మెక్‌గిల్ సూచించిన వ్యాయామాలలో రెండు కూడా ఇంటిలో సులభంగా చేయదగినవి. చేతులు, మోకాళ్ళపై పశువు వలె నిలిచి, కుడిచేతినీ ఎడమకాలినీ ఒకేసారి చాచి ఎనిమిది పది క్షణాలు నిలిపి, తరువాత రెండవ జతతో చేయడం ఒకటి. పక్కకు తిరిగి పడుకొని, మోచేతి మీద, మోకాలి మీద బరువు ఆనించి తుంటిని నేలనుండి పైకెత్తడం మరొకటి. ఊపిరి బిగబట్టకూడదు. కూర్చొని చేసే ఉద్యోగాలవారు వీటికి తోడుగా ఒక మోకాలు నేలకు ఆనించి, రెండవ పాదం ముందుకు పెట్టి, తుంటి ముందుభాగం సాగేటట్లు అరనిమిషం చొప్పున ఇరువైపులా చేయాలి.

ఇవన్నీ చేసినా మెట్లు ఎక్కి చూడనిదే సాధన పూర్తి కాదు. ఒక అంతస్తుకు ఇరవై మెట్లు అనుకుంటే అలిపిరి మార్గం 177 అంతస్తులకు సమానం. మొదటి వారం దినానికి ఐదు అంతస్తులతో మొదలుపెట్టి, వారానికి కొంత పెంచుతూ ఆరవ వారానికి ముప్పై నలభై అంతస్తులు తడబడక ఎక్కగలిగితే చాలును. దిగడం కూడా అభ్యసించాలి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు మోస్తాయి గనుక ఎక్కువ నొప్పి పుట్టేది అప్పుడే.

నొప్పి వచ్చిన తరువాత

నడుము పట్టేసినప్పుడు మన ఇళ్ళలో మొదట చెప్పే మాట “కదలకుండా పడుకో” అని. ఒకప్పుడు వైద్యులూ అదే చెప్పేవారు. ఇప్పుడు ఆ సలహాను వైద్యం విడిచిపెట్టింది. బాధ తీవ్రంగా ఉన్న ఒకటి రెండు దినాలు పని తగ్గించుకొని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకొని కొంతసేపు పడుకోవచ్చు; కాని గంటకొకసారి లేచి ఇంటిలోనే నాలుగడుగులు వేయాలి. వేడినీటి కాపడం ఉపశమనం ఇస్తుంది. నొప్పి మాత్రలు వైద్యుని అడిగి వేసుకోవాలి, ముఖ్యంగా మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు. ఎక్కువమందికి ఆరు వారాలలోపు బాధ చాలావరకు తగ్గుతుంది.

1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు వద్ద ఒక రోగి, తల వైపు ఎత్తి ఉన్న బల్లమీద పొరపాటున బోర్లా పడుకున్నాడు. కొన్ని నిమిషాల పాటు నడుము వెనుకకు వంగిన స్థితిలోనే ఉండిపోయాడు. అప్పటి పద్ధతుల ప్రకారం అది హాని చేయవలసినది. లేచేసరికి కాలిలోని నొప్పి పోయింది. దానినుండే ఒక చికిత్సా పద్ధతి పుట్టింది. ఏ కదలికతో కాలిలోని నొప్పి పైకి, నడుము మధ్యకు చేరుతుందో ఆ కదలిక మంచిది. ఏ కదలికతో నొప్పి కిందికి, పిక్కకు, పాదానికి దిగుతుందో అది మానవలసినది. ఈ కొలత రోగి తానే గుర్తించగలిగినది కావడం దీని గొప్ప.

ఫిజియోథెరపీ అనగానే యంత్రాల తీగలు తగిలించుకొని పడుకోవడమనే అభిప్రాయం ఒకటి బలంగా నాటుకొని ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామాన్ని, రోగికి అవగాహన కల్పించడాన్ని సూచించాయి. నడుము బెల్టులు, బరువులు కట్టి లాగడం, విద్యుత్ ప్రేరణ యంత్రాలు, అల్ట్రాసౌండ్ చికిత్స మామూలుగా వాడవద్దన్నాయి. కనుక చికిత్సకు వెళ్ళినప్పుడు “నేను ఇంటిలో ఏమి చేయాలి?” అని అడిగి నేర్చుకోవడం రోగి హక్కు. అదే విధంగా స్కానింగులో “డిస్కు అరిగింది” అని కనబడగానే కలత చెందనక్కరలేదు. నొప్పి ఏమాత్రం లేనివారిని పరీక్షించిన అధ్యయనాలను సమీక్షించగా, ఇరవై ఏళ్ళవారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. అది చాలావరకు తల నెరయడం వంటిదే.

తిరుపతిలో ఈ సేవలకు కొరత లేదు. తిరుమల తిరుపతి దేవస్థానములవారి బర్డ్ ఆసుపత్రి 1985 నుండి ఎముకలు, కీళ్ళ చికిత్సకూ పునరావాసానికీ అంకితమై ఉన్నది. దాతల విరాళాలు ఆ సంస్థ ట్రస్టుకు అందుతున్నాయి. స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాల ఉన్నది. యాత్రకు వచ్చినప్పుడే చూపించుకోవాలనుకునేవారు పాత స్కానింగు కాగితాలతో పాటు, నొప్పి ఎప్పుడు పెరుగుతున్నది, ఎప్పుడు తగ్గుతున్నది, కూర్చుంటేనా, నడిస్తేనా, ఎక్కితేనా, దిగితేనా అన్నది వ్రాసుకొని వస్తే మేలు. వైద్యునికి కాగితం కన్న ఆ నాలుగు మాటలే ఎక్కువ ఉపయోగపడతాయి.

నొప్పి కాలిలోకి దిగి ఉన్నవారు ఆ పర్యాయం అంగప్రదక్షిణాన్ని, మెట్ల పూజను వాయిదా వేసుకోవాలి. అరవై ఏళ్ళు దాటినవారు, గుండె జబ్బు, ఉబ్బసం, అధిక రక్తపోటు, కీళ్ళ వ్యాధులు ఉన్నవారు కాలినడకన రావడం శ్రేయస్కరం కాదని దేవస్థానమువారు 2024లో సూచించి ఉన్నారు. ఎక్కుతున్నప్పుడు వీపు పైభాగాన, దవడలో, ఎడమచేతిలో నొప్పి, చెమటలు, ఆయాసం కలిగితే దానిని నడుము నొప్పి జాబితాలో చేర్చవద్దు. అది గుండెకు సంబంధించినది కావచ్చు.

కొన్ని లక్షణాలు ఫిజియోథెరపీకీ, కాపడానికీ, రేపటికీ ఆగవు. నడుము నొప్పితో పాటు మూత్రం రాకపోవడం లేక తెలియకుండా పోవడం, మలవిసర్జనపై అదుపు తప్పడం, తొడల సంధులలో, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి ఎత్తలేకపోవడం – ఇవి వెన్నుకాలువ చివర ఉన్న నరాల గుత్తి నలుగుతున్నదనడానికి గుర్తులు. ఒకటి రెండు దినాలలోపు శస్త్రచికిత్స జరగకపోతే ఆ నష్టం శాశ్వతం కావచ్చు. జ్వరంతో కూడిన నడుము నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సరు వచ్చి ఉండడం, ముసలివారు మెట్లమీద జారిపడిన తరువాత వచ్చిన నొప్పి – వీటికీ అదే దినం వైద్యుని చూడాలి. ఇటువంటి గుర్తు దారిలో కనిపిస్తే, ఇంకెన్ని మెట్లు మిగిలి ఉన్నవని లెక్కించకుండా అక్కడే ఆగి, దగ్గరలోని సిబ్బందికి తెలియజేసి, వాహనంలో ఆసుపత్రికి చేరాలి.